మెడ వెనక పేరు

మళ్ళీ తారుమారయ్యాయి.
ఏడో గది కార్డిగన్ పదకొండో గది ఒంటి మీద ఉంది.
పదకొండో గది ఫ్లానెల్ గౌను
ఎవరిదో తేలక మూడు రోజులుగా బుట్టలో పడుంది.

టే నది ఒడ్డున ఈ నర్సింగ్ హోమ్‌లో
బట్టలుతికే గది గోష్యాది.
ఆమె తప్పేం లేదు.
ప్రతి కాలర్ లోపలా ఒకటే పేరు: మార్గరెట్.
అయిదుగురు మార్గరెట్లు, ఒకే రిజిస్టరు.

ఆ పేరుతో పిలిస్తే ఒక్కరూ తల తిప్పరు.

ఏడో గది ఆవిడ మేసీ.
పదకొండు, గ్రేటా. తల్లిది హాంబర్గ్;
మార్గరేటాలో తల కోసేసి
తోకనే ముద్దు చేసుకున్నారు.
పధ్నాలుగు, మైరెద్, పడమటి దీవుల మనిషి,
గేలిక్‌లో తప్ప కోప్పడదు.
మేడ మీద డైసీ. అదెలా అంటే
ఫ్రెంచివాళ్ళు ఆ మాటని ఒక తెల్లపువ్వుకి పెట్టుకున్నారు,
ఇంగ్లీషువాళ్ళు పువ్వుని ఉంచుకుని
మాటని మడిచి పెట్టేశారు.
చివరి గదిలో పెగ్గీ.
మార్గరెట్ మెగ్ అయింది, సరే.
మెగ్ పెగ్ ఎందుకయిందంటే ఎవరూ చెప్పలేరు.
పులీ గిలీ అనే నోళ్ళకి
అడగాల్సిన పనే లేదు.

మరి గోష్యా?
పాస్‌పోర్టులో మౌగొజాతా అని బారెడు.
చేరిన రోజే సూపర్‌వైజరు దాన్ని చూసి
"కాస్త చిన్నదేమైనా ఉందా" అంది.
రెండేళ్ళు పట్టింది,
ఆ బారెడూ మార్గరెట్టేనని,
లెక్కలో తను ఆరో మనిషినని తెలియడానికి.

తెలిసింది బహ్మన్ వల్ల.
శుక్రవారాలు మందులు తెచ్చే షిరాజ్ కుర్రాడు
బల్ల మీద లేబుళ్ళ కుప్ప చూసి నవ్వాడు.
"మా అక్క మొర్వారీద్. అంటే ముత్యం.
మీరంతా మా అక్క పేరే పెట్టుకున్నారు."

నిజంగా వాళ్ళక్క పేరేనా?
గ్రీకులు పారసీకుల దగ్గర తెచ్చుకున్నారని కొందరు.
కాదు, ఇంకా తూర్పున
పూలగుత్తిని మంజరి అన్నారు కదా, అక్కడిదని కొందరు.
మెట్టినిళ్ళు లెక్కలేనన్ని ఈ మాటకి.
పుట్టిల్లే తేలలేదు.

ఆ మధ్యాహ్నం
మడతపెట్టిన తువ్వాళ్ళు ఒళ్ళో ఉంచుకుని
గోష్యా పెగ్గీకి చెప్పింది:
"నీ పేరుకి అర్థం ముత్యమట."

పెగ్గీ చాలాసేపు మాట్లాడలేదు.
గుడారాల్లో పుట్టిన మనిషి. మూడు చలికాలాల బడి.
తండ్రితో, తర్వాత మొగుడితో, తర్వాత ఒంటరిగా
ఈ నదిలోనే నడుము లోతున నిలబడి
అడుగున గాజు బిగించిన డబ్బాలోంచి చూస్తూ
చీలిన కర్రతో ఆల్చిప్పలు ఏరింది,
చట్టం వద్దనేదాకా.
మోకాళ్ళింకా ఆ నీళ్ళలోనే ఉన్నాయి.

"ముత్యమా," అంది. "ఏ రకం?"

గోష్యాకి తెలియలేదు.

"నున్నగా ఉన్న చిప్పలో ఏమీ ఉండదు పిల్లా.
గొడ్డుది. తీసింది తీసినట్టే దించెయ్యాలి.
వంకర తిరిగింది, ఎక్కడో నొక్కుకుపోయింది,
దాన్ని విప్పాలి.
అందులోనూ నూటికి ఒకటి.
ఆ ఒకటీ బార్లీ గింజంత, బురద రంగు.
పెర్త్‌లో నగల కొట్టువాడు
వేలితో దొర్లించి దొర్లించి
మూడు పౌండ్లన్నాడు.
నాకు పేరు పెట్టినవాళ్ళు
ఒక్క చిప్పయినా విప్పి ఉండరు."

కాసేపటికి తనే అడిగింది:
"ఇన్ని పేర్లన్నావే,
వాటిలో వంకరది ఏది?"

గోష్యా తన పేరు మొత్తం పలికింది,
ఈ దేశంలో మొదటిసారి, నెమ్మదిగా.
పెగ్గీ నాలుక రెండుసార్లు జారింది.
మూడోసారి అందుకుని
"అదీ," అంది.

రాత్రి షిఫ్టులో పాత లేబుళ్ళు కత్తిరించి
కొత్తవి కుట్టింది గోష్యా:
మేసీ, గ్రేటా, మైరెద్, డైసీ.
ఎర్రదారం అయిపోతే నీలం.
పెగ్గీ మాత్రం వద్దంది.
మెడ వెనక గుచ్చుకుంటుందట.

ఆకుపచ్చది, మోచేతుల దగ్గర చిరిగింది,
మూడో బొత్తం వేలాడుతోంది.
ఆ కార్డిగన్ ఒక్కటీ
ఇంతవరకూ వేరే గదికి పోలేదు.